వంద రూపాయల బడ్జెట్, రూపాయి బిడ్డు: ఆ సందేశంలో తప్పెక్కడ ఉంది

రెండు నెలలుగా ఒక వాట్సాప్ సందేశం మా ప్రాంతం దుకాణదారుల ఫోన్లలో తిరుగుతోంది. ముందు కావలి బట్టల వ్యాపారుల గ్రూపులో చూశాను. తర్వాత ఒంగోలులో ఫర్నిచర్ అమ్మే ఒకాయన చూపించారు. పోయిన వారం నెల్లూరులో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక అక్క అదే సందేశాన్ని నాకు పంపి, కింద మూడు వాక్యాలు రాసింది: "తమ్ముడూ, ఇందులో చెప్పినట్టే చేశాను. ఆర్డర్లు పెరిగాయి, చేతిలో డబ్బు మాత్రం మిగలలేదు. ఎక్కడ తప్పు జరిగింది?"

ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే సరిపోయే ప్రశ్న కాదిది. ఆ సందేశం వల్ల డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు ఆమె ఒక్కరే కారు.

సందేశం సారాంశం ఇదీ: "చిన్న వ్యాపారులకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల రహస్యం. ఏ వ్యాపారమైనా రోజుకు వంద రూపాయలు చాలు. బిడ్డు దగ్గర ఒక్క రూపాయి పెట్టండి, కంపెనీయే దిగివస్తుంది. ఊరికో ప్రకటన విడివిడిగా పెట్టండి. రెండు రోజుల్లో ఫలితం లేకపోతే ఆపి కొత్తది పెట్టండి; ఫలితం వస్తే ఆ రోజే బడ్జెట్ రెట్టింపు చేయండి. మీరు పెట్టిన బడ్జెట్ దాటి కంపెనీ డబ్బు కోసేస్తుంది, కాబట్టి రోజూ రాత్రి ఆపి పొద్దున మొదలుపెట్టండి. రీచ్ (ప్రకటన చూసినవాళ్ల సంఖ్య) లక్ష దాటితే అమ్మకం ఖాయం."

నా సంగతి ముందే చెప్పడం న్యాయం. కావలిలో ఉంటూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న వ్యాపారులకు ప్రకటనలు పెట్టే పనితోనే బతుకుతున్నాను. నెలకు ఇంత అని తీసుకుంటాను. ప్రకటన ఖర్చులో శాతం తీసుకోను. శాతం తీసుకునేవాళ్లు అవసరం ఉన్నా లేకపోయినా బడ్జెట్ పెంచమంటారన్న అనుమానం వ్యాపారుల్లో బలంగా ఉంది, అది నిరాధారం కూడా కాదు. ఆ అనుమానమే ఇలాంటి సందేశాలకు రెక్కలిస్తోంది.

"బిడ్డు ఒక్క రూపాయి పెట్టండి, కంపెనీయే దిగివస్తుంది"

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే మాట ఇదే కాబట్టి దీనితో మొదలుపెడతాను. మనం బేరానికి అలవాటు పడినవాళ్లం. స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేలు కొట్టు మెట్లెక్కి ధర సగానికి అడిగితే, ఎదుట కూర్చున్న మనిషి కాస్త దిగుతాడు, మనం కాస్త ఎక్కుతాం, మధ్యలో ఎక్కడో తెగుతుంది. ఫేస్‌బుక్‌లో మన ఎదుట అలాంటి మనిషి లేడు. అక్కడ జరిగేది బేరం కాదు, వేలం. బిడ్డు అంటే ఆ వేలంలో మనం పలికే ధర.

వేలం అంటే ఏమిటో ప్రకాశం జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు. పొగాకు బోర్డు మన రాష్ట్రంలో 1985 నుంచి వేలం కేంద్రాలు నడుపుతోంది. టంగుటూరులోనో కొండపిలోనో వేలం రోజున బేళ్ల వరుసల మధ్య ఒక్క పూట నిలబడి చూడండి. కొనుగోలుదారు ఆకు రంగు చూస్తాడు, చేత్తో నలిపి చూస్తాడు, ధర పలుకుతాడు. అందరికంటే తక్కువ పలికితే బేలు మరొకరికి పోతుంది, వేలం తర్వాతి బేలు దగ్గరికి జరుగుతుంది. తక్కువ పలికినవాడి కోసం ఎవరూ ఆగరు. మనం ఇన్నేళ్లూ ఆ వేలాన్ని రైతు వైపు నుంచి చూశాం. ఎవరూ ధర పలకక నోబిడ్ పడిన బేలును వెనక్కి ఇంటికి మోసుకెళ్లే బాధ తెలిసినవాళ్లం. ఫేస్‌బుక్ వేలంలో మాత్రం మనం కొనుగోలుదారు వైపు ఉన్నాం. కొంటున్నది ఒక మనిషి ఫోను తెర మీద కొన్ని క్షణాల చోటు. రూపాయి పలికితే ఆ చోటు మరొకరికి పోతుంది, అంతే. కంపెనీ దిగిరావడానికి కారణమే లేదు, ఎందుకంటే ఆ చోటును కొనేవాళ్లు వరుసలో ఇంకా ఉన్నారు.

పొగాకు వేలానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇక్కడ ఎక్కువ పలికినవాడే గెలవాలని లేదు. ఒక్కో ప్రకటనకు ఫేస్‌బుక్ ఒక మొత్తం విలువ కడుతుంది: మన బిడ్డును, ఆ మనిషి మనం కోరిన పని చేసే అవకాశంతో గుణిస్తుంది, దానికి ప్రకటన నాణ్యతను కలుపుతుంది. ఒక చాట్‌కు, అంటే ప్రకటన చూసి ఒకరు వాట్సాప్‌లో పలకరించడానికి, ఒక దుకాణం 20 రూపాయలు పలికింది, కానీ ఆ ప్రకటన చూసినవాళ్లలో నూటికి ఒక్కరే పలకరిస్తారని వ్యవస్థ అంచనా. విలువ 20 పైసలు. మరో దుకాణం 12 రూపాయలే పలికింది, నూటికి ముగ్గురు పలకరిస్తారని అంచనా. విలువ 36 పైసలు. నాణ్యత సమానమైతే గెలిచేది రెండోది. కాబట్టి చవకగా గెలవాలంటే తగ్గించాల్సింది బిడ్డును కాదు, పెంచాల్సింది ప్రకటన పనితనాన్ని. ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మే ఒకాయన మొదట గరిటెల కట్టను నేల మీద పెట్టి ఫొటో తీసి పెట్టారు. తర్వాత ఉలి పట్టుకున్న చెయ్యి కొయ్యను గుంట తీస్తుంటే పొట్టు చుట్టలు చుట్టుకుని రాలే ఇరవై సెకన్ల వీడియో పెట్టారు. బిడ్డు మార్చలేదు, బడ్జెట్ మార్చలేదు. చాట్ ధర దాదాపు సగమైంది.

ఇంకో మాట. గెలిచినవాడు సాధారణంగా తాను పలికినంతా కట్టడు. ఆ చోటు దక్కించుకోవడానికి కావలసినంతే కడతాడు. ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో రాసిన పరిశోధన పత్రంలో వివరించిన ఆలోచనకు ఇది దగ్గరి బంధువు: గెలిచినవాడు తన తర్వాత నిలిచినవాడి ధర కడితే, ఎవరికీ దొంగ ధర పలకాల్సిన అవసరం ఉండదు. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది. ఆ పేరు మనకు తెలియకపోయినా ఫరవాలేదు, అందులోని ఇంగితం మాత్రం తెలియాలి. ఒక ఫలితం మనకు నిజంగా ఎంత విలువో అంతే పలకడమే ఇలాంటి వేలంలో లాభం. తగ్గించి పలికితే పొదుపు కాదు, గెలవాల్సిన చోట్లు చేజారడం.

ఇప్పుడు బిడ్డు పద్ధతుల సంగతి. మనం ఏమీ ముట్టుకోకపోతే ఉండేది 'హయ్యెస్ట్ వాల్యూమ్': ఇచ్చిన బడ్జెట్ మొత్తం ఖర్చు చేసి వీలైనన్ని ఎక్కువ ఫలితాలు తెమ్మని అర్థం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సరైనది. మన సరుకుకు ఒక ఫలితం ఎంతకు వస్తుందో ఇంకా తెలియనప్పుడు ధర చెప్పే అర్హత మనకు లేదు. రెండోది ఫలితానికి సగటు ధర ఫలానా దగ్గర ఉంచమని కోరడం. ఇది కోరికే, హామీ కాదు. వ్యవస్థ దాని చుట్టూ తిరగడానికి ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి దాటుతుంది. నెలా రెండు నెలల సొంత లెక్క చేతిలో ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. మూడోది బిడ్ క్యాప్. ఒక్కో వేలంలో ఇంతకు మించి పలకవద్దని గట్టి గీత గీయడం. సందేశం చెబుతున్న రూపాయి పెట్టేది ఇక్కడే. ఆ గీత మార్కెట్ ధర కంటే కింద ఉంటే ప్రకటన చవకగా నడవదు, అసలు నడవదు. పెట్టిన ప్రకటన ఖర్చుకు ఎంత విలువైన అమ్మకం వచ్చిందో దాన్ని బట్టి నడిపే పద్ధతి కూడా ఉంది కానీ, వెబ్‌సైటు లాంటి చోట్ల కొనుగోళ్లు, వాటి విలువ నమోదయ్యేవాళ్లకే అది. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్లకు దానితో పని లేదు.

బిడ్ క్యాప్ ఎంత దెబ్బ కొడుతుందో నాకు అనుభవం. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒక శిక్షణ కేంద్రంలో అచ్చం ఈ సలహానే నేర్పారు. దసరా ముందు కావలిలో ఒక చీరల దుకాణానికి నాలుగు రూపాయల గీత పెట్టి ప్రకటన మొదలుపెట్టాను. మొదటి రోజు ఖర్చు సున్నా. రెండో రోజు సున్నా. వ్యవస్థ ఇంకా సర్దుకుంటోందని నన్ను నేను నమ్మించుకున్నాను. మూడో రోజు సాయంత్రం దుకాణం అన్న ఫోను చేసి, "ఇవాళైనా ఎవరికైనా కనిపించిందా?" అని అడిగారు. దసరా రోజులు పెద్ద పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు వేలంలోకి దిగే కాలం. ఆ పోటీలో నాలుగు రూపాయలకు మాకు ఒక్క చోటు కూడా దక్కలేదు. నాలుగో రోజు భయపడి గీత తీసేసి, మిగిలిన డబ్బంతా ఒకటిన్నర రోజులో ఖర్చయ్యేలా పెట్టాను. ఒక్కో ఎంక్వైరీ మామూలు ధరకు మూడింతలు పడింది. ఆయన తెప్పించిన సరుకులో సగం సంక్రాంతి దాకా అల్మారాల్లోనే ఉండిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఆ వీధిలో నడుస్తుంటే ఆ అల్మారాలే గుర్తొస్తాయి. ఆ సందేశం చదివి ఇంకొకరు అదే గుంటలో పడకూడదు.

"ఏ వ్యాపారమైనా రోజుకు వంద రూపాయలు చాలు"

ఇందులో ఒక మంచి సంగతి ఉంది: కొద్దిగా మొదలుపెట్టమనడం. అప్పు చేసి ప్రకటనలకు పోసేవాళ్లను చూశాను కాబట్టి ఆ జాగ్రత్తను గౌరవిస్తాను. తప్పంతా "ఏ వ్యాపారమైనా" అనే మాటలో ఉంది. బడ్జెట్ అంకె సందేశం నుంచి రాకూడదు, మన సరుకు లెక్క నుంచి రావాలి. పచ్చళ్ల అక్క అనుమతితో ఆమె లెక్కే ఇక్కడ పెడుతున్నాను.

అరకిలో రొయ్యల పచ్చడి 650 రూపాయలు. రొయ్యలు, నూనె, కారం, సీసా, అట్టపెట్టె కలిపి 390. కొరియరు 80. మిగిలేది 180. అందులో తన కష్టానికి కనీసం 60 ఉంచుకుంటే, ఒక ఆర్డరు తెచ్చుకోవడానికి 120 దాకా పెట్టగలదు. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి అందులో అసలు ప్రకటనకు వెళ్లేది దాదాపు 100. (రెగ్యులర్ పద్ధతిలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ప్రకటన ఖాతాలో ఆ నంబరు ఇచ్చినవాళ్లు ఈ పన్నును తమ పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆమెకు, ఆమె లాంటి ఎందరికో రిజిస్ట్రేషన్ లేదు. చిన్న వ్యాపారులకు ఉండే కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు ఆ సర్దుబాటు దొరకదు. వాళ్లకు అది పూర్తి ఖర్చే.) వాట్సాప్‌లో పలకరించిన పదిమందిలో ఇద్దరు కొంటున్నారని ఆమె పుస్తకం చెబుతోంది. అంటే ఒక చాట్‌కు 20 రూపాయలు ఆమె భరించగలిగే ధర.

ఇప్పుడు రెండో సంగతి. ప్రకటన కొత్తగా మొదలైనప్పుడు ఎవరికి చూపిస్తే పని జరుగుతుందో వ్యవస్థ నేర్చుకునే దశ ఒకటి ఉంటుంది. ఒక యాడ్ సెట్‌కు (ఒకే రకం జనం కోసం ఒక చోట పెట్టిన ప్రకటనల గుంపు) వారంలో సుమారు 50 ఫలితాలు వస్తే ఆ దశ దాటి ధర నిలకడకు వస్తుందన్నది ఫేస్‌బుక్ చెప్పే కొలత. 20 రూపాయల చొప్పున 50 చాట్లకు వారానికి వెయ్యి, అంటే రోజుకు దాదాపు 150. వంద పెడితే వారానికి 35 చాట్ల దగ్గర ఆగిపోతుంది. ఆమెకు వందకూ నూటయాభైకీ మధ్య ఉన్న ఆ కొద్ది తేడా చాలా ముఖ్యం.

అదే లెక్కను ఒంగోలు బైపాస్ పక్కన ప్లాట్లు అమ్మేవాళ్లకు వేసి చూడండి. ఒక ఎంక్వైరీకి 250 పడుతుందనుకుంటే, రోజుకు వంద అంటే వారానికి మూడు ఎంక్వైరీలు కూడా రావు. ఆ ముగ్గురితో ఏ వ్యవస్థా ఏమీ నేర్చుకోలేదు, అమ్మేవాడూ నేర్చుకోలేడు. చీమకుర్తి గ్రానైటు పలకలు అమ్మేవాళ్లకైతే వారానికి 50 ఆర్డర్లు అనేది ఊహకు కూడా అందదు. అలాంటప్పుడు వ్యవస్థను ఆర్డరు కోసం కాక, దానికి ముందు తరచుగా జరిగే మెట్టు కోసం వెతకమనాలి: చాట్, ఫోను, ఫారం నింపడం, ఏదైనా సరే. అడిగే ఫలితాన్ని బట్టి కావలసిన బడ్జెట్ మారిపోతుంది. పచ్చళ్ల అక్కే చాట్ల బదులు నేరుగా ఆర్డర్ల కోసం పెట్టి ఉంటే, ఆర్డరుకు 100 చొప్పున 50 ఆర్డర్లకు వారానికి 5,000 కావాలి. ఒకే పచ్చడి, ఒకే వంటగది, బడ్జెట్ మాత్రం అయిదు రెట్లు.

పై హద్దు కూడా సరుకు నుంచే వస్తుంది. పొద్దున రొయ్యలు తెచ్చి, ఒలిచి, నల్లనరం తీసి, కడిగి ఆరబెట్టే సరికే ఆమెకు మధ్యాహ్నమవుతుంది. వారానికి పదిహేను సీసాలకు మించి చేయడం ఆమె వల్ల కాదు. పదిహేను సీసాల చేతులకు ముప్ఫై సీసాల బడ్జెట్ పెట్టడం ఎవరి మేలు కోసం?

"ఫలితం వస్తే ఆ రోజే బడ్జెట్ రెట్టింపు చేయండి"

ఆమె డబ్బు పోయింది ఇక్కడ. రోజుకు 150 పెడుతున్నప్పుడు వారానికి 1,050 ఖర్చయ్యేది, 52 చాట్లు వచ్చేవి, పది ఆర్డర్లు పడేవి. సందేశం చదివి రోజుకు 300 చేసింది. ఆ వారం 2,100 ఖర్చు, 76 చాట్లు, పదిహేను ఆర్డర్లు. ఆర్డర్లు పది నుంచి పదిహేనయ్యాయని ఆమె సంబరపడింది. ఫోను తెర మీద చాట్ సగటు ధర 20 నుంచి 27, 28 మధ్యకు వచ్చింది. అది కూడా పెద్దగా భయపెట్టలేదు.

సగటు చెప్పని సంగతి ఒకటుంది. కొత్తగా పెట్టిన 1,050 రూపాయలకు కొత్తగా వచ్చినవి 24 చాట్లే. అంటే ఆ అదనపు చాట్ ఒక్కోటి దాదాపు 44 రూపాయలు. పన్నుతో కలిపి 1,239 రూపాయలు కట్టి తెచ్చుకున్న అదనపు ఆర్డర్లు అయిదు. వాటి మీద మిగులు, సీసాకు 180 చొప్పున, 900. అయిదు ఆర్డర్లకు 339 రూపాయల నష్టం. మొత్తం చూస్తే మరీ స్పష్టం. మునుపటి వారం పది సీసాల మిగులు 1,800లో ప్రకటన ఖర్చు 1,239 పోగా 561 చేతికొచ్చింది. రెట్టింపు చేసిన వారం పదిహేను సీసాల మిగులు 2,700లో 2,478 పోగా చేతికొచ్చింది 222. అయిదు సీసాలు ఎక్కువ చేసి, అంతసేపు ఎక్కువ పొయ్యి దగ్గర నిలబడి, ఆమె ఇంటికి 339 రూపాయలు తక్కువ తీసుకెళ్లింది. నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

ఎందుకిలా జరుగుతుంది? ఇచ్చిన డబ్బుతో వ్యవస్థ ముందు తేలిగ్గా దొరికే మనుషులను పట్టుకుంటుంది: రొయ్యల పచ్చడి ఇష్టపడేవాళ్లను, ఇలాంటివి ఫోనులో కొనే అలవాటున్నవాళ్లను. డబ్బు పెరిగేకొద్దీ అంతగా ఆసక్తి లేనివాళ్ల దగ్గరికి వెళ్లక తప్పదు, వాళ్లను పలికించడానికి ఎక్కువ పడుతుంది. అందుకే బడ్జెట్ పెంచే ప్రతిసారీ సగటు కాదు, చివరగా పెట్టిన డబ్బుకు చివరగా వచ్చిన ఆర్డరు ఎంతకు పడిందో చూడాలి. ఆ లెక్క ఏ తెర మీదా కనిపించదు. పాత వారం అంకెను కొత్త వారం అంకె నుంచి తీసేసి మనమే వేసుకోవాలి.

దీనికి తోడు, బడ్జెట్‌ను ఒక్కసారిగా బాగా మారిస్తే నేర్చుకునే దశ మళ్లీ మొదటికి రావచ్చు. నేనైతే అయిదారు రోజులకోసారి, అయిదో వంతుకు మించకుండా పెంచుతాను. ఇరవై శాతం అనేది కంపెనీ పెట్టిన నియమమని కొందరు చెబుతారు. కాదు, పని చేసేవాళ్ల వాడుకలో పుట్టిన జాగ్రత్త అది.

"ఊరికో ప్రకటన పెట్టండి, రెండు రోజుల్లో ఫలితం లేకపోతే ఆపండి"

ఈ రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, పొదిలి అని అయిదు యాడ్ సెట్లు చేసి రోజుకు వందను ఇరవై చొప్పున పంచితే, ఒక్కోదానికి రోజుకు ఒక్క చాట్ వస్తుంది. యాభై ఎప్పటికి పూర్తవుతుంది? మన ప్రకటనలు ఒకదానితో ఒకటి పోటీ పడి ధర పెంచుకుంటాయన్న భయం కూడా వినిపిస్తుంది. అది నిజం కాదు, ఒక వేలంలోకి మనవాటిలో ఒక్కదాన్నే పంపుతుంది వ్యవస్థ. అసలు నష్టం ఆకలి. అయిదుగురికి ఒక్క ముద్ద పంచితే ఎవరి కడుపూ నిండదు. ఊళ్లన్నీ ఒకే యాడ్ సెట్‌లో పెట్టడం మంచిది. విడిగా ఉంచాల్సిన కారణం నిజంగా ఉంటే బడ్జెట్‌ను ఆ యాడ్ సెట్లన్నిటికీ పైన ఉండే క్యాంపెయిన్ స్థాయిలో పెడితే, ఎక్కడ ఫలితం బాగుందో అక్కడికి వ్యవస్థే డబ్బు మళ్లిస్తుంది.

ఊరి పేరు పెడితే ఆ ఊరివాళ్లకే కనిపిస్తుందన్న నమ్మకం కూడా పూర్తిగా సరి కాదు. ఆ చోట ఉంటున్నవాళ్లతో పాటు ఇటీవల అక్కడ ఉన్నవాళ్లూ లెక్కలోకి వస్తారు. చెన్నై నుంచి విజయవాడ వైపు పోయే జాతీయ రహదారి మన ఊళ్ల మీదుగానే పోతోందని మరచిపోకూడదు. దుకాణానికి నడిచి రావాల్సిన కొనుగోలుదారే కావాలంటే, ప్రకటన మొదటి వాక్యంలోనే వీధి పేరు, పక్కన ఉన్న గుర్తు చెప్పేయడం నేను పాటించే పద్ధతి. అక్కరలేనివాళ్లు తామే దాటిపోతారు.

రెండు రోజులకే తీర్పు చెప్పడం గురించి ఎక్కువ రాయను. పది చాట్లు రాకముందే తీర్పు చెబితే అది లెక్క కాదు, జాతకం. ఆపి కొత్తది పెట్టిన ప్రతిసారీ నేర్చుకునే దశ ఖర్చు మళ్లీ కడుతున్నాం.

"కంపెనీ బడ్జెట్ దాటి కోసేస్తుంది, రోజూ రాత్రి ఆపండి"

వ్యాపారుల కోపం నాకు అర్థమవుతుంది. రోజుకు 150 పెట్టి, పొద్దున్నే చూస్తే నిన్న 200 ఖర్చయిందంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. అయితే రోజువారీ బడ్జెట్ అంటే సగటు. అవకాశాలు బాగున్న రోజు ఎక్కువ, లేని రోజు తక్కువ ఖర్చు చేస్తుంది. వారం మొత్తం మీద రోజువారీ అంకెకు ఏడు రెట్లు దాటదు. 150 పెట్టినవాళ్లు చూడాల్సిన అంకె 1,050. అది దాటితే అడగాలి. అంతకు మించి భరోసా కావాలంటే ఖాతా మొత్తానికి ఖర్చు పరిమితి పెట్టుకునే వీలుంది. పెట్టుకోండి, నిశ్చింతగా నిద్రపోండి.

రాత్రి ఆపి పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే ఆ రోజు డబ్బును మిగిలిన గంటల్లోనే ఖర్చు చేయడానికి వ్యవస్థ తొందరపడుతుంది. తొందరపడి కొన్నది ఖరీదవుతుంది. రాత్రి చాట్లకు జవాబిచ్చే మనిషి లేడన్నది అసలు ఇబ్బందైతే, దానికి మార్గం వేరు: మొత్తం రోజులకు కలిపి ఒకే బడ్జెట్ పెట్టి, ఏ గంటల్లో కనిపించాలో పట్టిక ఇవ్వవచ్చు. ముగింపు తేదీ ఉన్న పనులన్నిటికీ ఆ పద్ధతే నయం. రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు వచ్చే జనం కోసం పెట్టే ప్రకటనకు, సంక్రాంతి చీరల అమ్మకానికి రోజువారీ బడ్జెట్ కంటే మొత్తం బడ్జెట్ సరిపోతుంది. ఏడాది పొడవునా నడిచే పచ్చళ్లకు రోజువారీదే మేలు.

"రీచ్ లక్ష దాటితే అమ్మకం ఖాయం"

వ్యవస్థ మనం అడిగిందే తెస్తుంది. ఎక్కువమందికి చూపించమంటే ఎక్కువమందికి చవకగా చూపిస్తుంది. వాళ్లు కొంటారా లేదా అనేది దానికి మనం అప్పగించిన పని కాదు. పోస్టు కింద, డబ్బు కట్టి దాన్ని ఎక్కువమందికి చూపించే బూస్ట్ మీట నొక్కి ఊరుకుంటే తరచుగా వచ్చేవి లైకులు. లైకు కొట్టే వేలూ, డబ్బు పంపే వేలూ ఒకే మనిషివి కావాలని లేదు.

ఫర్నిచర్ ఆయన రీచ్ లక్షా పదివేలు దాటిందని, ఒక్క మంచం కూడా అమ్ముడుపోలేదని నాకు ఫోను ఇచ్చి చూడమన్నారు. ప్రకటనల తెర తెరవకముందే వాట్సాప్ తెరిచాను. జవాబు ఇవ్వని చాట్లు నలభై మూడు. "డబుల్ కాట్ ధర ఎంత?" "సింగరాయకొండకు పంపుతారా?" "టేకా, వేపా?" కొన్ని అయిదు రోజుల నాటివి. కొట్లో పనివాడు ఊరికి వెళ్లాడట, ఫోను గల్లాపెట్టెలో ఉండిపోయిందట. ఆ నలభై మూడుగురి కోసం ఆయన అప్పటికే డబ్బు కట్టేశారు. ఆ రోజు బడ్జెట్ మార్చలేదు, బిడ్డు మార్చలేదు. ఇద్దరం కూర్చుని సాయంత్రం దాకా ఒక్కొక్కరికీ జవాబు రాశాం. రెండు మంచాలు, ఒక భోజనాల బల్ల అమ్ముడుపోయాయి. సింగరాయకొండ ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.

పచ్చళ్ల అక్క బడ్జెట్‌ను మళ్లీ 150కి తెచ్చుకుంది. మొన్న వెళ్లినప్పుడు తన లెక్కల పుస్తకం చూపించింది. ఖర్చు, చాట్లు, ఆర్డర్లు, మిగులు అని నాలుగు గడులుండేవి, స్కేలు పెట్టి అయిదోది గీసింది. ప్రకటన లేకుండా తామే మళ్లీ అడిగినవాళ్ల గడి అది. అప్పటికి అందులో ఏడు పేర్లున్నాయి. ఆ ఏడు సీసాలకు ప్రకటన ఖర్చు లేదు కాబట్టి, మొదటి ఆర్డరుకు 120 కాక 140 దాకా పెట్టవచ్చా అని అడిగింది. ఇంకో నెల పేర్లు రాసి, ఎంతమంది తిరిగొస్తున్నారో చూశాక చెబుతానన్నాను.